పెరటి గులాబీని నీటిరంగుల్లో వృక్షశాస్త్ర చిత్రంగా గీయడం ఎలా?

వృక్షశాస్త్ర చిత్రానికి, మామూలు పూల బొమ్మకు తేడా ఒక్కటే. మీరు గీసిన గులాబీని చూసి, ఆ మొక్కను ఎరిగినవారు ఇది ఫలానా గులాబీ అని గుర్తుపట్టాలి. ఎరగనివారు దాని ఆకులో ఎన్ని చిన్నాకులు ఉన్నాయో, ముళ్లు ఎటు వంగి ఉన్నాయో, మొగ్గను పట్టి ఉంచే పచ్చటి రక్షకపత్రాల అంచులు ఎలా ఉన్నాయో బొమ్మ చూసే చెప్పగలగాలి. అందుకే ఈ పనిలో కుంచె పట్టేది చివరన. అంతకుముందు జరగవలసిన చూడడం, లెక్కపెట్టడం, కొలవడం సరిగ్గా జరిగితే రంగు వేయడం సగం సులువవుతుంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగువారి పెరళ్లలో పూజకూ జడలోకీ పెంచుకునే, వాసనగల లేత ఎరుపు గులాబీని దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని వివరిస్తున్నాను. వేరే రంగు గులాబీ అయినా క్రమం ఇదే.

కాలం, వెలుతురు

మన ప్రాంతంలో గులాబీ గీయడానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న కాలం అన్నిటికన్నా మంచిది. వానలు వెనకబట్టాక అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తే, ఆరు నుంచి ఎనిమిది వారాలలో కొత్త రెమ్మల మీద నిండైన పూలు వస్తాయి. ఎండాకాలపు పువ్వు చిన్నదై, రంగు వెలిసి, కోసిన గంటలోపే రేకలు వాల్చేస్తుంది. వానాకాలంలో పువ్వు సంగతి ఎలా ఉన్నా, కాగితం మీద వేసిన పూత ఆరదు. ఆరని పూత మీద రెండో పూత వేస్తే కింది రంగు లేచి మచ్చ కడుతుంది.

బల్లను ఉత్తరపు కిటికీ దగ్గర, వెలుతురు మీ ఎడమ చేతి వైపు నుంచి పడేటట్లు వేసుకోండి. కుడిచేతివాటం వారికి ఇది సరిపోతుంది. ఎడమచేతివాటం వారు బల్లను తిప్పుకోవాలి. శీతాకాలమంతా ఉత్తరపు కిటికీలోంచి నేరుగా ఎండ రాదు కనుక, పువ్వు మీది నీడలు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా పెద్దగా కదలవు. అయితే పర్లాకిమిడి దాదాపు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల మధ్య నుంచి జూలై చివరి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరపు కిటికీని నమ్ముకోకుండా తెల్లటి పలుచని బట్ట తెరగా కట్టుకోవాలి.

సామాను

కాగితం విషయంలో మాత్రం పొదుపు చేయవద్దు. నూరు శాతం నూలుతో చేసిన, చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుగల హాట్ ప్రెస్డ్ కాగితం కావాలి. దీని ముఖం నున్నగా ఉంటుంది. గరుకు కాగితం మీద సన్నని ఈనె గీత ముక్కలు ముక్కలుగా పడుతుంది. గుండ్రటి కుంచెలు 6, 4, 2 అంకెలవి చాలు, మొన మాత్రం తడిపినప్పుడు సూదిలా నిలవాలి. వీటితో పాటు రంగు కలపడానికి ఒక పాత కుంచె, హెచ్‌బీ, 2హెచ్ పెన్సిళ్లు, పిండిలా పిసకగలిగే మెత్తటి పుట్టీ రబ్బరు, జామెట్రీ పెట్టెలోని డివైడరు, ట్రేసింగ్ పేపరు, తెల్ల పింగాణీ పళ్లెం, రెండు గ్లాసుల నీళ్లు ఉంటే సరిపోతుంది. ఒక గ్లాసు కుంచె కడగడానికి, రెండోది శుభ్రమైన నీటి పూతకు. ఈ రెండూ కలిసిపోకుండా చూసుకోండి.

రంగుల ఎంపికలో గులాబీకి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త ఉంది. ఎరుపు, గులాబీ రంగులలో చాలా అందమైనవి కొన్ని వెలుతురుకు నిలవవు. అలిజరిన్ క్రిమ్సన్ అసలు రకం (రంగుపొడి కోడ్ పీఆర్ 83), మంజిష్ఠ వేరు జాతి నుంచి తీసిన రోజ్ మాడర్, మెరిసే ఒపేరా రోజ్, ఇవన్నీ కొన్నేళ్లలో పాలిపోతాయి. వీటి బదులు గొట్టం మీద పీవీ 19 అని ఉన్న క్వినాక్రిడోన్ రోజ్, పీఆర్ 122 అని ఉన్న క్వినాక్రిడోన్ మజెంటా తీసుకోండి. రంగు పేరును ఒక్కో కంపెనీ ఒక్కో విధంగా పెడుతుంది. రంగుపొడి కోడ్ మాత్రం మారదు, కనుక కోడ్ చూసి కొనడం నేర్చుకోవాలి. వీటికి తోడు ఒక నిమ్మపసుపు, ఒక వెచ్చని (కొంచెం నారింజ వైపు ఉండే) పసుపు, ఫ్రెంచ్ అల్ట్రామరీన్, కోబాల్ట్ నీలం, పెరిలీన్ మరూన్ ఉంటే ఆకు, చిగురు, కాడ అన్నీ వీటి నుంచే వస్తాయి. గొట్టంలో దొరికే ఆకుపచ్చను నేరుగా వాడకండి, అది ఏ మొక్కదీ కాని పచ్చ.

కొమ్మను ఎంచడం

పొద్దున్నే, మంచు ఆరకముందే కొమ్మను కోయండి. సగం విచ్చిన పువ్వు ఒకటి, మొగ్గ ఒకటి, కనీసం రెండు ముదురాకులు, వీలైతే ఒక ఎర్రటి చిగురు ఉన్న కొమ్మ కావాలి. పూర్తిగా విచ్చిన పువ్వును ఎంచుకుంటే మీరు పెన్సిలు చెక్కేలోపే దాని ఆకారం మారిపోతుంది. కొమ్మ కొనను ఏటవాలుగా కోసి వెంటనే నీళ్లలో పెట్టండి. దానితో పాటు అదే మొక్క నుంచి అదే వయసున్న మరో పువ్వును కోసి పక్కన ఉంచుకోండి. దాని అవసరం ముందు ముందు వస్తుంది.

అంటు మొక్క అయితే ఇక్కడే ఒక పొరపాటుకు అవకాశం ఉంది. నర్సరీలలో అమ్మే గులాబీలు ఎక్కువగా వేరే జాతి గులాబీ వేరుమొక్క మీద కన్ను అంటు కట్టినవి. అంటు ముడికి కింది నుంచి లేచే పిలక ఆ వేరుమొక్కదే కానీ మీకు కావలసిన గులాబీది కాదు. దాని ఆకుల రంగు, చిన్నాకుల సంఖ్య, ముళ్ల తీరు వేరుగా ఉంటాయి. ఆకు కోసం ఆ పిలకను తెంచి పువ్వు పక్కన గీస్తే, లోకంలో లేని మొక్క ఒకటి కాగితం మీద పుడుతుంది. కొమ్మ ముడికి పైనుంచే వచ్చిందని మొదలు దగ్గర వంగి చూసి నిర్ధారించుకున్నాకే కత్తెర పెట్టండి.

చూడడం, విడదీయడం

మొదటి గంటలో బొమ్మ గీయవద్దు. ఒక కాగితం మీద లెక్కలు, కొలతలు మాత్రమే రాసుకోండి.

ఆకుతో మొదలుపెట్టండి. గులాబీ ఆకు అని మనం అనేది నిజానికి ఒక సంయుక్త పత్రం. ఒకే ఈనెకు అటూ ఇటూ జతలుగా, చివర ఒంటిగా చిన్నాకులు ఉంటాయి. తోట గులాబీలలో ఇవి సాధారణంగా 5 లేదా 7. చివరి చిన్నాకు మిగతావాటికన్నా కొంచెం పెద్దది. అంచు రంపపు పళ్లలా ఉంటుంది, పళ్ల మొనలు ఆకు కొన వైపు తిరిగి ఉంటాయి. తొడిమ కాండాన్ని పట్టుకునే చోట రెండు పక్కలా సన్నని రెక్కల వంటి పత్రపుచ్ఛాలు తొడిమకు అతుక్కుని కనిపిస్తాయి. పూల బొమ్మలు వేసేవారు దాదాపు అందరూ వీటిని వదిలేస్తారు. వృక్షశాస్త్రజ్ఞుడు మాత్రం ముందుగా చూసేవాటిలో ఇవి ఒకటి.

ముల్లును గోటితో పక్కకు నొక్కి చూడండి. అది పుటుక్కున ఊడి, కాండం మీద శుభ్రమైన మచ్చ మిగులుతుంది. నిమ్మ ముల్లు ఇలా ఊడదు, అది కొమ్మే మారి ముల్లయినది కనుక లోపలి కట్టెతో కలిసి ఉంటుంది. గులాబీ ముల్లు పైచర్మం నుంచి పుట్టినది. కాబట్టి దాన్ని గీసేటప్పుడు కాండంలోకి గుచ్చినట్లు గాక, వెడల్పయిన పీఠంతో కాండం మీద కూర్చున్నట్లు గీయాలి. మొన ఎక్కువగా కిందికి వంగి ఉంటుంది, ఎంత వంగిందో ఒక్కో రకానికి ఒక్కో తీరు.

ఇప్పుడు రక్షకపత్రాలు. ఇవి ఐదు. పువ్వును తలకిందులు చేసి ఐదింటి అంచులనూ ఓపికగా చూడండి. చాలా గులాబీలలో రెండింటికి రెండు అంచులా చిన్న చిన్న పీలికలు ఉంటాయి, రెండింటికి ఏ అంచునా ఉండవు, మిగిలిన ఒక్కదానికి ఒక పక్కనే ఉంటాయి. కారణం మొగ్గలో ఉంది. మొగ్గగా ఉన్నప్పుడు ఈ ఐదూ ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉంటాయి. బయటికి ఉన్న అంచు పీలికలు వేస్తుంది, పక్కదాని కింద దాగిన అంచు నున్నగా ఉండిపోతుంది. పూర్తిగా వెలుపలున్నవి రెండు, పూర్తిగా లోపలున్నవి రెండు, ఒక అంచు లోపల, ఒక అంచు బయట ఉన్నది ఒకటి. ఐదుగురు అన్నదమ్ములలో ఇద్దరికి గడ్డం ఉంది, ఇద్దరికి లేదు, ఒకరికి సగమే ఉందని ఐరోపాలో లాటిన్ భాషలో ఒక పాత పొడుపుకథ దీని మీదనే పుట్టింది. ఐదింటికీ ఒకే రకం అంచు గీసిన గులాబీ బొమ్మను చూడగానే, గీసినవారు మొక్కను చూడలేదని నాకు అర్థమవుతుంది. మీ మొక్కలో ఈ తేడా ఎంత స్పష్టంగా ఉందో అంతే గీయండి, లేకపోతే కల్పించవద్దు.

విడిగా కోసి ఉంచిన రెండో పువ్వును ఇప్పుడు విప్పండి. వెలుపలి వరుస నుంచి లోపలికి ఒక్కొక్క రేకనూ తీసి, తెల్ల కాగితం మీద వరుసగా పేర్చండి. వెలుపలివి వెడల్పుగా, అంచు వెనక్కి మడిచి ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ చిన్నవై, కొన్ని వంకరపోయి, చిట్టచివర సగం రేక, సగం కేసరంగా ఉన్నవి కూడా దొరకవచ్చు. అడవి గులాబీలో ఉండే ఐదు రేకలు తోట గులాబీలో ఇన్ని కావడానికి కేసరాలు రేకలుగా మారడమే కారణం, ఆ మార్పు మధ్యదారిలో ఆగిన రూపాలే ఇవి. ఒక్కో వరుస నుంచి ఒక్కో రేకను ఎంచి దాని చుట్టూ పెన్సిలుతో గీసి ఉంచుకోండి. తరవాత పువ్వు కింద ఉబ్బెత్తుగా ఉన్న పచ్చటి గిన్నెను పదునైన బ్లేడుతో నిలువునా చీల్చండి. దాని లోపలి గోడలకు అంటి ఉన్న సన్నని నూగు, అండాశయాలు, అంచు మీద కేసరాల గుత్తి కనిపిస్తాయి. ఈ గిన్నే పండి గులాబీ కాయ అవుతుంది.

కాగితం మీద అమరిక

ఒకే కాగితం మీద కొమ్మ మొత్తం, దాని పక్కన విడదీసిన భాగాలు ఉండాలన్నది పాత సంప్రదాయం. 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి ఉత్తర సర్కారుల మొక్కలను వర్ణించినప్పుడు వాటి బొమ్మలు గీసింది ఇక్కడి చిత్రకారులే. నేటి గంజాం కూడా ఆనాటి ఉత్తర సర్కారులలోనిదే. ఆ చిత్రాలలో నిండు కొమ్మ నడుమ ఉండి, చీల్చిన పువ్వు, కాయ, గింజ చిన్నవిగా అడుగున అమరి ఉంటాయి. ఆ చిత్రకారుల పేర్లు చాలావరకు మనకు దక్కలేదు. 19వ శతాబ్దంలో మద్రాసు రాజధానిలో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ దగ్గర పనిచేసిన రంగయ్య, గోవిందు పేర్లు మాత్రం మిగిలాయి, వారి చిత్రాలు ఎడింబరో రాయల్ బొటానిక్ గార్డెన్‌లో భద్రంగా ఉన్నాయి. అమరిక ఎలా చేయాలన్న సందేహం వస్తే వారి చిత్రాల నకళ్లను కాసేపు చూడమని నేను ఎప్పుడూ చెబుతాను.

ఏ3 కాగితం తీసుకుంటే కొమ్మను అసలు పరిమాణంలోనే గీయవచ్చు. డివైడరుతో పువ్వు వెడల్పు, కాడ పొడవు, ఒక్కో చిన్నాకు పొడవు, వెడల్పు కొలిచి ముందుగా మామూలు కాగితం మీద గీయండి. పువ్వుకు ముందు ఒక ఇరుసు గీత గీసుకోవాలి. కాడ మధ్య నుంచి బయలుదేరిన గీత పచ్చటి గిన్నె మధ్యగా పోయి రేకల సుడి నడుమ తేలాలి. చూడడానికి అందంగా ఉన్నా మెడ విరిగినట్లు కనిపించే గులాబీ బొమ్మలన్నిటిలోనూ లోపం ఈ గీత దగ్గరే ఉంటుంది. రేకలను వెలుపలి నుంచి కాకుండా సుడి నుంచి మొదలుపెట్టి, ఏ రేక అంచు ఏ రేక కిందికి పోతున్నదో చూసుకుంటూ బయటికి రండి. పువ్వు మారిపోతుంది కనుక మొదటి రోజు పువ్వును, తరవాత మొగ్గను పూర్తిచేయండి. ఆకులు, ముళ్లు మర్నాటికి ఆగగలవు.

గీత సరిపోయాక ట్రేసింగ్ పేపరు మీదికి ఎత్తి, వెనక పెన్సిలు పూసి, 2హెచ్ పెన్సిలుతో తేలికగా మంచి కాగితం మీదికి దించండి. మంచి కాగితం మీద రబ్బరుతో రుద్దితే పైపొర లేస్తుంది, ఆ చోట రంగు మరకలా పీల్చుకుంటుంది. పుట్టీ రబ్బరును అద్ది తీయడమే తప్ప రుద్దవద్దు.

పట్టచిత్రం నేర్చుకున్నవారికి

ఒడిశా సరిహద్దులో ఉన్న మనలో కొందరికి పట్టచిత్రంతో, అంటే బట్ట మీద వేసే ఒడిశా సంప్రదాయ చిత్రకళతో, పరిచయం ఉంటుంది. ఆ చేతికి సన్నని కుంచె మీద ఉన్న అదుపు ఇక్కడ ఎంతో పనికొస్తుంది. కానీ రెండు అలవాట్లను పక్కన పెట్టాలి. పట్టచిత్రంలో బొమ్మకు ప్రాణం పోసేది చివరన కట్టే నల్లని గీత. ఇక్కడ ఆ గీత ఉండదు, రేక అంచు పక్క రేక నీడ వల్లనే తేలాలి. పట్టచిత్రంలో తెలుపు శంఖం పొడితో వేస్తారు. ఇక్కడ తెలుపు అంటే రంగు వేయకుండా వదిలిన కాగితమే. ఎక్కడ తెల్లగా మిగలాలో కుంచె పెట్టకముందే నిర్ణయించుకోవాలి. గులాబీలను చిత్రించి ప్రపంచఖ్యాతి పొందిన పియేర్ జోసెఫ్ రెదూతే 1817 నుంచి 1824 దాకా వెలువరించిన అచ్చు పటాలలో కూడా, రాగిరేకు మీద గీతలకు బదులు సన్నని చుక్కలు పొడిచి నీడలు తెచ్చారు. రేక మెత్తదనానికి గీత అడ్డమని ఆయనకు తెలుసు.

రేకలకు రంగు

ముందు ఒక చిన్న కాగితం ముక్క మీద మీ రంగుల నమూనాలు వేసి, వాటిని అసలు రేక పక్కన పెట్టి సరిచూడండి. ఫోటో ఆకారాన్ని గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది గాని, గులాబీ రంగును ఫోన్ కెమెరా నమ్మకంగా పట్టదు.

ఒక్కసారికి ఒక్క రేక. పక్కపక్కన ఉన్న రెండు రేకలను ఒకేసారి తడపవద్దు, రంగు ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి పారుతుంది. రేక ఆకారమంతా శుభ్రమైన నీటితో తడపండి, అంచు దాటకూడదు. తల వంచి పక్క నుంచి చూస్తే తడి మెరుస్తూ కనిపిస్తుంది. ఆ మెరుపు మందగించి, పట్టుబట్ట మీది నిగారింపులా మారే దాకా ఆగండి. అప్పుడు పలుచని క్వినాక్రిడోన్ రోజ్‌ను నీడ ఉన్న వైపు నుంచి అద్దితే అది తనంతట తానే వెలుతురు వైపు పాకి మాయమవుతుంది. మెరుపు ఉండగానే వేస్తే రంగు ఎటు పడితే అటు పారుతుంది. పూర్తిగా ఆరాక వేస్తే గట్టి అంచు కడుతుంది. ఈ పనిలో నేర్పు అంటే నా దృష్టిలో ఈ ఆగడమే. పంకా ఆపేయండి, దాని గాలికి తడి ఒక పక్కనే ముందు ఆరిపోతుంది.

రేక మొదలు దగ్గర చాలా గులాబీలలో పసుపు ఛాయ ఉంటుంది, అక్కడ గులాబీ రంగుకు ముందే పలుచని నిమ్మపసుపు పూత వేసి ఆరనివ్వాలి. వెలుపలికి మడిచిన రేక అంచు మీద ఆకాశపు వెలుతురు పడి చల్లగా కనిపిస్తుంది. దానికి నీళ్లలో కోబాల్ట్ నీలం ఛాయ మాత్రం కలిపితే చాలు.

ఇక సుడిలోని నీడలు. ఇక్కడ బూడిద రంగో నలుపో వేస్తే పువ్వు వెంటనే మాసిపోతుంది. గులాబీ రేక పలుచనిది, వెలుతురు దానిలోంచి దూరి లోపలి రేక మీద పడుతుంది, ఆ రేకలోంచి మళ్లీ లోపలికి పోతుంది. అందుకని లోపలికి పోయేకొద్దీ నీడ నల్లబడదు, రంగు చిక్కబడి వెచ్చనవుతుంది. ఆ లోతుకు క్వినాక్రిడోన్ రోజ్‌లో కొద్దిగా వెచ్చని పసుపు, అట్టడుగున కొంచెం పెరిలీన్ మరూన్ కలపండి. వెలుపలి రేకల మీద పడే నీడకు మాత్రం మజెంటాలో కొద్దిగా అల్ట్రామరీన్ సరిపోతుంది.

ఇలా మూడు నాలుగు పలుచని పూతలు, ప్రతి పూతా చేతి వెనక వైపుకు చల్లగా తగలకుండా ఆరిన తరవాతే. చివరన 2 నంబరు కుంచెను తడిపి, గుడ్డ మీద దాదాపు ఆరబెట్టి, మొనతో రేక ఈనెలను మొదలు నుంచి అంచు వైపు విసనకర్ర పుల్లల తీరున లాగండి. ఇవి కనీకనిపించకుండా ఉండాలి.

ఆకు, కాండం

ఆకుకు మొదటి పూత పచ్చ కాదు, ఎంతో పలుచని కోబాల్ట్ నీలం. ముదురాకు మీద మెరిసేది ఆకాశమే. అది ఆరాక అల్ట్రామరీన్, వెచ్చని పసుపు కలిపిన పచ్చలో చిటికెడు క్వినాక్రిడోన్ రోజ్ చేర్చి గాఢత తగ్గించండి. ఈనెకు ఈనెకు మధ్య ఉన్న గడిని విడిగా తడిపి రంగు వేస్తూ, ఈనెలను తెల్లగా వదులుతూ రండి. చివరన ఈనెల మీద లేతపచ్చ పూత ఒకటి వేస్తే చాలు. ఆకు అడుగు కనిపించే చోట రంగు పాలిపోయి ఉండాలి, అక్కడ ఈనెలు ఉబ్బి ఉంటాయి. చిగురుకు, కొత్త ముళ్లకు పెరిలీన్ మరూన్‌లో కొద్దిగా పచ్చ. రంపపు పళ్లన్నిటినీ ఒకే తీరుగా కాకుండా మీ ముందున్న ఆకును చూసి వేయండి, పురుగు కొరికిన చోటు ఉంటే దాన్ని కూడా వదలకండి.

విడదీసిన భాగాలను అడుగున అదే పద్ధతిలో, తక్కువ పూతలతో చిత్రించండి. చీల్చిన గిన్నెను రెండింతలు పెద్దగా గీస్తే లోపలి నూగు స్పష్టంగా కనిపిస్తుంది, అప్పుడు దాని కింద అసలు ఒక సెంటీమీటరును చూపే కొలతగీత (బొమ్మలో రెండు సెంటీమీటర్లు) తప్పక వేయండి.

అన్నీ ఆరాక కింది మూలన 2హెచ్ పెన్సిలుతో మొక్క పేరు, ఊరు, కోసిన తేదీ, మీ పేరు రాయండి. రకం పేరు కచ్చితంగా తెలిస్తేనే ఒంటి ఉద్ధరణ చిహ్నాల మధ్య రాయండి; తెలియకపోతే రోజా ప్రజాతి, తోట రకం అని రాసి, పక్కన మీ ఊళ్లో దాన్ని పిలిచే పేరు చేర్చండి. చిత్రాన్ని ఆమ్లం లేని కాగితాల మధ్య పెట్టి, గోడకు ఆనించని బీరువాలో చదునుగా ఉంచండి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడి గాలిలోని తేమకు నూలు కాగితం బూజు పడుతుంది, కాబట్టి పక్కన సిలికా జెల్ పొట్లాలు పెట్టి, ఎండ కాసిన రోజున వాటిని ఆరబెట్టి మళ్లీ పెడుతూ ఉండాలి.